తాను తిన్నాకే అమ్మే అవ్వ

పోయిన నెల లింగంపేటలో అవ్వ దినాలకు వెళ్లాను. రేకుల షెడ్డు కింద విస్తళ్ల ముందు కూర్చున్నాం. నా పక్కనున్న పెద్దాయన పప్పు కలుపుకుంటూ అన్నాడు, "అవ్వ చేతి కొక్కులు తిని ఒక్కలకన్న కడుపు నొచ్చిందా, చెప్పుండ్రి! గసొంటి చెయ్యి మల్ల పుట్టది." కొక్కులంటే మా వైపు పుట్టగొడుగులు. చుట్టూ ఉన్నవాళ్లు ఔనౌనన్నారు.

నాకు ఒళ్లు మండింది. చావు జరిగిన ఇంట్లో కోపం తెచ్చుకోకూడదని తెలుసు, కానీ నా కోపం వేళాపాళా చూసుకుని వచ్చే రకం కాదు. నొచ్చింది పెద్దాయనా, నొచ్చింది, ఓ ఆరేళ్ల పిల్లకూ ఆ పిల్ల తల్లికీ, ఆ మాట అందరికంటే ముందు బయటపెట్టింది ఈ అవ్వే అని నోటిదాకా వచ్చింది. మింగేసి అన్నం తిన్నాను. తిరుగు బస్సులో కూర్చున్నాక మాత్రం ఊరుకోలేకపోయాను. ఆమె చేసిన పనులన్నిటిలోనూ నేను దండం పెట్టేది ఆ ఒక్కదానికే. దాన్నే అందరూ మర్చిపోయి, లేనిపోని మెప్పు కట్టబెడితే ఎలా? అందుకని ఇది రాస్తున్నాను.

పేరు మాత్రం రాయను. నా పరిశోధన పుస్తకంలో వేస్తానంటేనే ఆమె ఒప్పుకోలేదు. "నా పేరు నీ బుక్కుల వడి ఏం జేస్తది బిడ్డా? దానికి సదువొస్తదా?" అంది.

నేను కామారెడ్డిలో పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. నా సొంత పిచ్చి మాత్రం చెట్ల మీద కాదు, బూజుల మీద, పుట్టగొడుగుల మీద. మా చుట్టాల్లో ఇప్పటికీ నన్ను "బూజు మేడం" అంటారు, అననీ. వానాకాలం మొదలవగానే మా వైపు చెదపుట్టల మీద పుట్టగొడుగులు లేస్తాయి. మేం పుట్టకొక్కులంటాం. అవి ఎన్ని రకాలో తేల్చాలని నేను బయల్దేరాను. వెనకటి రోజుల్లో రంగు చూసి, వాసన చూసి, గొడుగు కింది మడతలు చూసి రకాలు విడదీసేవాళ్లు. అందులో మోసపోవడం చాలా సులువు. అచ్చం ఒకేలా ఉన్న రెండు కొక్కులు ఒకదానికొకటి ఏమీ కాకపోవచ్చు, నలుపూ తెలుపూగా ఉన్న రెండు అక్కాచెల్లెళ్లు కావచ్చు. అందుకని ఇప్పుడు చిన్న ముక్క నూరి, అందులోంచి డీఎన్ఏ బయటికి తీసి, దాని అక్షరాల వరస చదివి, లోకంలో ఇప్పటిదాకా చదివిన వరసలతో పోల్చి చూస్తున్నాం. పని అంతే. వినడానికి గొప్పగా ఉంటుంది గాని, చెయ్యడమంతా చిన్న చిన్న గొట్టాల్లో చుక్కలు పోస్తూ కూర్చోవడమే.

ఆ కొక్కుల కోసమే మొదటిసారి ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర అవ్వ ముందు నిలబడ్డాను. చాయ్ హోటల్ గోడకు ఆనుకుని, ఒక కాలు బారుగా చాపి, ఒడిలో మోదుగాకులు పరిచిన గంప పెట్టుకుని కూర్చుంది. చదువుకున్నదాన్నన్న పొగరుతో అడగా పెట్టకుండా ఒక కొక్కు తీసి, గొడుగు విరిచి, మడతలు చూడబోయాను. నా ముంజేతి మీద ఫట్టున ఒక్కటి పడింది.

"కొననీకి వచ్చినవా, కోసి సూడనీకి వచ్చినవా?"

"కొంటనవ్వా, కొంట. మంచియేనా ఇవి?"

"పొద్దుగాల నేను తిన్న. బతికే ఉన్న గద, తీస్కపో."

ఎవరడిగినా ఆమె జవాబు అదే. అది బేరం కోసం అల్లిన మాట కాదని నాకు తర్వాత తెలిసింది. ఆమె వెంట ఆ వానాకాలమంతా తిరిగాను. తెల్లవారకముందే లింగంపేట దాటి పుట్టల వైపు నడిచేది. నేను రొప్పుకుంటూ వెనకపడితే, "ఏంది మేడమూ, బండి ఆగిందా?" అని ఎగతాళి చేసేది. కొక్కు కనబడగానే తెంపదు. ముందు పుల్లతో మన్ను తోడి, కింద పుట్టలోపలికి తోకలా దిగిన వేరు చూస్తుంది. వేరు పట్టుకుని మెల్లగా లాగుతుంది. మన్ను ఊదేసి, గొడుగు వెనక ముక్కు పెట్టి, పసిపిల్ల మాడు వాసన చూసినట్టు చూస్తుంది. ఇంటికొచ్చాక పుట్టకొకటి చొప్పున తీసి, నిప్పుల మీద ఉప్పేసి కాల్చి, తాను తింటుంది. తర్వాత బీడీల చాట ముందేసుకుని కూర్చుంటుంది. పది గంటల బస్సొచ్చేదాకా కడుపులో ఏమీ కాకపోతేనే గంప నెత్తికెత్తుతుంది. ఎన్నేళ్లనుంచి ఇలా చేస్తున్నావంటే, "ఎర్కలే, నా పెండ్లయిన సంది" అంది.

నాకది చూస్తే భయం వేసేది. కొన్ని కొక్కుల విషం రెండో రోజుకు గాని తెలియదు, తెలిసేసరికి కాలేయం పోతుంది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో.

"గసొంటియి నా కండ్ల ముందట మొలిస్తే నాకెర్కయితది."

"ఎర్కగాదవ్వా. చూస్తే ఎర్కయ్యేదయితే నాకీ చదువెందుకు?"

"గట్లయితే నేను సస్త. నువ్వు రాసుకో" అని పకపకా నవ్వేది. నేను నవ్వలేక, ఊరుకోలేక, ఆమె మీద అరిచేదాన్ని. అరిస్తే ఓ బీడీ చుట్టి నా ముందు పెట్టేది, కోపం తగ్గడానికి తాగమని.

బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్లకు ఊరికే ఉండడం చేతకాదు. బస్సులో కూర్చున్నా, ఎవరితో మాట్లాడుతున్నా, బొటనవేలూ చూపుడువేలూ లేని ఆకును చుడుతూనే ఉండేవి. నాకిచ్చే నమూనాలకు కూడా బీడీల దారమే కట్టేది. పెద్ద పుట్టవైతే ఒక ముడి, రేగడి పొలం గట్టువైతే రెండు. నా సీసాల మీద నేను రాసిన అంకెలు వానకు తడిసి చెరిగిపోయేవి గాని, ఆ ముడులు మాత్రం ఎక్కడికీ పోయేవి కావు.

ఆమె లెక్కలో పుట్టకొక్కులు ఏడు రకాలు. నా డీఎన్ఏ లెక్కలో అయిదే తేలాయి. ఆమె వేరువేరని ఒట్టేసిన రెండు జతల్లో ఏ జతకా జత ఒకే రకమని తేలింది. ఆ సంగతి చెప్తే ఒప్పుకోలేదు.

"ఇది కమ్మగుంటది, అది జర వగరుంటది. రెండు ఒకటెట్లయితయి?"

"మొహం చూసి చెప్తలేమవ్వా, లోపల రాసి ఉన్నది చదివి చెప్తున్నం."

"ఎవలు రాసిండ్రు?"

"ఎవలు రాయలె. తల్లినుంచి పిల్లకు వచ్చింది."

కాసేపు వేళ్లు ఆడించింది. "మరి అబద్ధం రాసి ఉండదా?"

"ఉండదు. చదివేటోళ్లు తప్పు చదువుతరు, గంతే."

"అయితే మంచిదే. కాని మీ మిషన్‌కు నాలిక లేదు బిడ్డా" అంది. ఆ రోజు నుంచి ఎక్కడ కనబడినా "మిషన్‌కు నాలికొచ్చిందా?" అని పలకరించేది.

ఇక అసలు సంగతికి వస్తాను. అవ్వ కూర్చునే గోడ చాయ్ హోటల్‌ది అన్నాను కదా. ఆ హోటల్ నడిపే అక్కకు అవ్వంటే ప్రాణం. ఇరవై ఏళ్ల స్నేహం, రోజూ మొదటి చాయ్ అవ్వకే. ఆ అక్క కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. కోడలు మౌనిక, ఆరేళ్ల మనవరాలు ఇంట్లో ఉంటారు. ఓ శ్రావణ శుక్రవారం నాడు అక్క, "పిల్ల కొక్కుల కూర కావాలని గాయి జేస్తుంది అవ్వా, రేపు ఎట్లన్న జేసి తే" అంది.

శనివారం అవ్వకు ఒక్కపొద్దు. పొద్దు గూకేదాకా మెతుకు ముట్టదు. పైగా పుట్టకొక్కులు ఆమె దృష్టిలో మాంసంతో సమానం, నీసు. మామూలుగానైతే శనివారం పుట్టల వైపే వెళ్లదు. కానీ పిల్ల అడిగిందంటే కాదనలేకపోయింది. హోటల్ వాళ్ల ఒక్కపొద్దు సోమవారం, వాళ్లకు ఇబ్బంది లేదు. వెళ్లింది, తెచ్చింది, అమ్మింది. తాను మాత్రం తినలేదు.

ఆ మధ్యాహ్నం మౌనిక కూర వండి పిల్లకు పెట్టి తానూ తింది. అక్క హోటల్లో ఉంది, తినలేదు. రెండు గంటలు తిరక్కుండానే తల్లీపిల్లా వాంతులు. పిల్ల నీరసించి కళ్లు తేలేస్తే కామారెడ్డి దవాఖానకు తీసుకొచ్చారు. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక కోలుకుంది. మౌనిక పిల్ల మంచం పక్కన కింద కూర్చుని తన వాంతులు తానే తుడుచుకుందని నర్సు తర్వాత ఎవరితోనో అందట.

ఇంత జరిగితే అవ్వ మీద ఎవరికీ అనుమానం రాలేదు. అదే గంపలోంచి ఇంకో అయిదారుగురు కొన్నారు, వాళ్లందరూ బాగానే ఉన్నారు. పైగా అవ్వ తాను తిన్నాకే అమ్ముతుందని ఎల్లారెడ్డిలో తెలియనివాళ్లు లేరు. అందుకని నేరం గిన్నె మీదికి పోయింది. మౌనిక తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నెకు లోపలి తగరపు పూత, కళాయి, ఓచోట పోయింది; అలాంటి గిన్నెలో వండితే కూర చిలుమెక్కుతుందంటారు. ఇప్పుడు కళాయి వేసేవాళ్లు వీధుల్లోకి రావడం లేదు, ఆమె అలాగే వాడుకుంటోంది. "కళాయి లేని గిన్నెల వండి పిల్ల పానం మీదికి తెచ్చింది" అని అక్క నిశ్చయించేసింది. దుబాయ్ నుంచి కొడుకు ఫోన్‌లో కేకలు వేశాడు. మౌనికను తల్లిగారి ఊరు తాడ్వాయికి పంపించేశారు. పిల్లను మాత్రం ఇవ్వలేదు. "నీ చేతి కూడు అది మల్ల తినద్దు" అందట అక్క.

వారం తిరిగేలోపు, ఓ పొద్దున నేను క్లాసు ముగించి వస్తుంటే అవ్వ మా కాలేజీ వరండాలో కింద కూర్చుని ఉంది. అప్పటిదాకా ఒక్కసారి కూడా కామారెడ్డికి నా కోసం రాలేదు. పిలిస్తే, "మీ తాన కుర్సీలు ఎక్కువ, నాకు కూసోరాదు" అనేది. కొంగు ముడి విప్పి, బీడీల దారానికి గుచ్చిన కొక్కు ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది. పొయ్యి మీద వేలాడదీసినవి, పొగచూరి, ముడుచుకుపోయి, నల్లగా ఉన్నాయి.

"ఇది సూడు."

పిల్ల సంగతి అప్పటికే విన్నాను. "నీ పేరు ఖరాబ్ గాకుండ కాయితం కావాల్నా అవ్వా?" అన్నాను. ఎంత తెలివితక్కువగా అన్నానో ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నా పేరుకేం గాలె బిడ్డా. గదే కద నా బాధ. ఎవ్వలు నన్నొక్క మాట అంటలేరు."

అప్పుడు చెప్పింది. ఆ శనివారం వాన పట్టుకుంది, పుట్టల మీద ఎక్కువ దొరకలేదు. పిల్లకూ రోజూ కొనేవాళ్లకూ కలిపి చాలవేమోనని దిగులు. పుట్ట పక్కనే పచ్చిక మీద అయిదు కొక్కులు తెల్లగా, నిండుగా కనబడ్డాయి. బస్సుకు వేళవుతోంది. పుల్లతో తోడకుండా తెంపేసింది, వేరు చూడలేదు. అందులో ఒకటి విరిగింది. విరిగినవి ఆమె అమ్మదు, తన కోసం ఎండబెట్టుకుంటుంది. మిగతా నాలుగూ పిల్ల వాటాలోకి వెళ్లాయి. ఇదిగో, ఈ దారం మీద ఉన్నది ఆ అయిదోది.

"తిని చూసినవా?"

"శనివారం బిడ్డా" అంది, అంతే.

మా వైపు పచ్చిక మీద పెద్ద గొడుగులా మొలిచే విషపు కొక్కు ఒకటుంది. ముదిరాక దాని మడతలు ఆకుపచ్చగా తిరుగుతాయి, అప్పుడైతే ఎవరైనా గుర్తుపడతారు. లేతగా ఉన్నప్పుడు మాత్రం తెల్లగా అమాయకంగా ఉంటుంది. ఇప్పుడీ నల్లటి ముక్కను చూసి అదో కాదో చెప్పడం నా వల్ల కాదు. డీఎన్ఏ ఒక్కటే దారి.

"ఎన్నొద్దులయితది?"

"వారం, పది రోజులు."

"కానీ. మిషన్ ఏం చెప్తే గది" అని లేచి వెళ్లిపోయింది.

అనుకున్నట్టు ఏమీ జరగలేదు. పొగచూరిన ముక్కలోంచి డీఎన్ఏ తీయడం మహా చిరాకు పని. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి కొక్కు బదులు దాని మీద పట్టిన బూజు వరస వచ్చింది. మడతల లోపలి నుంచి గోరంత ముక్క మళ్లీ కోసి మళ్లీ మొదలుపెట్టాను. అక్షరాలు చదివించడానికి హైదరాబాద్ పంపాలి, అక్కడ వరసలో నిలబడాలి. ఈలోగా అవ్వ పక్కింటివాళ్ల ఫోన్ నుంచి రోజూ చేసేది. "ఏమన్న చెప్పిందా మిషన్?" పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఓ రోజు విసుగొచ్చి, "చెప్తే నేనే చెయ్యనా? ఊకె పరేశాన్ జేస్తవేంది?" అని కసిరాను. "తప్పయింది బిడ్డా, ఇగ చెయ్యను తీ" అని పెట్టేసింది. తెల్లారి మళ్లీ చేసింది.

చివరికి వరస వచ్చింది. పోల్చి చూశాను. ఆకుపచ్చ మడతల విషపు కొక్కుతో అతికినట్టు సరిపోయింది. మూడుసార్లు చూశాను. సీసాలు మారాయేమోనని దారం ముడులతో సహా వెతికాను. ఏమీ మారలేదు.

ఇక్కడ నా గురించి కూడా నిజం చెప్పాలి. లింగంపేట బస్సులో కూర్చుని నేను అబద్ధాలు కూర్చుకున్నాను. ముక్క పొగచూరింది, సరిగ్గా తేలలేదు, అనుమానమే గాని రుజువు లేదు అందామనుకున్నాను. ఎవరు అడుగుతారు? ఆ భాష చదవగలిగింది ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. ముసలిప్రాణం, నిండుకాలం గౌరవంగా బతికింది, ఇప్పుడెందుకు ఆమె నెత్తిన బండ పెట్టడం అనుకున్నాను. తాడ్వాయిలో కూర్చున్న మౌనిక నాకు గుర్తు రాలేదని కాదు. గుర్తొచ్చినా పక్కకు జరిపాను.

అవ్వ గడపలో చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. నా మొహం చూసి కత్తెర ఆపింది.

"చెప్పు."

"అవ్వా, ఎండిన ముక్కల్ల ఒక్కోసారి సరిగ..."

"గట్ల మాట్లాడకు. ఔనా, కాదా?"

"ఔను."

ఏడుస్తుందనుకున్నాను. చాట పక్కకు జరిపి, ఆకు మీద తడిబట్ట కప్పి, పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కొచ్చింది. కొంగు దోపుకుని, "పా" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

ఎల్లారెడ్డిలో చాయ్ హోటల్ నిండా జనం ఉన్నారు. పక్కకు పిలిచి చెప్తుందేమోననుకున్నాను. పొయ్యి ముందు నిలబడి అందరూ వినేలా చెప్పింది. "ఓ అక్కా, పొయ్యి తగ్గించు, జర ఇను. నీ మనుమరాలు తిన్నయి ఇసపు కొక్కులు. నేను తెంపినయే. శనివారమని నేను తినలె, తినకుండనే ఇచ్చిన. నీ కోడలి గిన్నెకేం సంబంధం లేదు."

అక్క నమ్మలేదు. నమ్మకపోవడమేమిటి, కోపం తెచ్చుకుంది. "నీకేమన్న మతి దప్పిందా అవ్వా? ఇరవై ఏండ్ల సంది నీ చేతియి తింటున్న. నువ్వు తప్పు జెయ్యవ్." నేను కాగితం చూపించాను. చాయ్ తాగుతున్న ఓ ఆటో డ్రైవర్, "మిషన్లు సుత తప్పు చెప్తయి తీ అవ్వా, నువ్వెందుకు మీదేస్కుంటవ్?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఔనన్నారు. ప్రేమ కొద్దీ అన్నారు పాపం. అవ్వకు అంత కోపం రావడం అప్పుడే చూశాను.

"మిషన్ మంచిగనే సూసింది. నేనే సూడలె! నన్ను మంచిదాన్ని జేసుడు కొరకు ఆ పిల్లను చెడ్డదాన్ని జెయ్యకుండ్రి. అక్కా, లేస్తవా లేవవా? తాడ్వాయికి పోవాలె."

అక్క గరిటె పక్కన పెట్టింది. తర్వాత పొయ్యి ఆర్పేసింది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ దాని కోసం ఆగాల్సిన పని లేకుండా. ఆ ఏడు అవ్వ ఇక పుట్టల వైపు వెళ్లలేదు. మరుసటి ఏడు తొలివానలకు మళ్లీ అదే గోడకు కూర్చుంది. ఎవరైనా మంచివేనా అంటే, తిన్నానని చెప్పి, "పోయినేడు ఒకపారి తప్పు జేసిన, ఇగ నీ ఇష్టం" అని కూడా చెప్పేది. మిట్టమధ్యాహ్నానికి కూడా గంప సగం అలాగే ఉండేది. మెల్లమెల్లగా జనం వచ్చారు, ఆపైన మర్చిపోయారు. మౌనిక మాత్రం ఆమె దగ్గర మళ్లీ ఎన్నడూ కొనలేదు. అవ్వ కూడా అందుకు నొచ్చుకోలేదు.

ఆ రోజు మేం తాడ్వాయి వెళ్లేసరికి మౌనిక మక్క కంకుల పొట్టు తీస్తోంది. ముగ్గురినీ చూసి లేచి నిలబడింది. మా వెనక వీధిలోకి చూసింది.

"పిల్లేది?"

"ఇంటికాడుంది. పక్కోళ్లకు అప్పజెప్పి వచ్చిన" అంది అక్క, తల దించుకుని.

అవ్వ ముందుకెళ్లి చేతులు జోడించింది. హోటల్లో చెప్పిన మాటలే మళ్లీ చెప్పింది, ఒక్కటి కూడా తగ్గించకుండా. అక్క నా మోచేయి పొడిచింది, కాగితం చూపించమని. నేను సంచిలోంచి తీసి మౌనికకు అందించబోయాను.

ఆ అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు. "నేను దవఖానలనే చెప్పిన గద అత్తమ్మా. పొద్దున అదే గిన్నెల పప్పు వండిన, నువ్వు సుత తిన్నవ్, నీకేం గాలేదు అని. చెప్పిన్నా లేదా?"

అక్క కింద పడ్డ మక్క పొట్టు ఏరసాగింది.

"చెప్పిన. ఏడ్సుకుంట చెప్పిన. ఒక్కలన్న విన్నరా?" అని నా వైపు తిరిగింది. "మేడం, మీ కాయితం లోపల పెట్టుకోండ్రి. నా మాట నమ్మనీకి హైదరాబాద్ నుంచి కాయితం రావాల్నా?"

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. అన్ని రోజులు గొట్టాల్లో చుక్కలు పోస్తూ నేనేదో ఘనకార్యం చేస్తున్నాననుకున్నాను. అదే గిన్నెలో పొద్దున ఏం వండారని ఒక్కసారి అడగాలని నాకూ తట్టలేదు.

"అవసరం లేకుండె బిడ్డా. నీ మాట సాలాలె" అంది అవ్వ.

మౌనిక అప్పుడు ఆమెను నేరుగా చూసింది. "మరి నువ్వేడికి వోయినవవ్వా ఇన్నొద్దులు?"

అవ్వ జోడించిన చేతులు దించింది. వేళ్లు కదలడం లేదు.

మౌనిక లోపలికి వెళ్లి బట్టల సంచి పట్టుకొచ్చింది. తల్లి ఏదో అనబోతే ఆగమంది. "నేను మీ వెంబడి వస్తలేను. నా బిడ్డ తానికి పోతున్న" అని అక్కతో చెప్పి, మాకంటే ముందు రోడ్డు మీదికి నడిచింది.

ఎల్లారెడ్డి బస్సులో మౌనిక డ్రైవర్ వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది. అక్క ఆమె వెనక సీటు చూసుకుంది, ఒకటి రెండుసార్లు ముందుకు వంగి ఏదో అనబోయి మానుకుంది. నేనూ అవ్వా చివర్లో కూర్చున్నాం. నాకు అవ్వను ఊరడించాలని ఉంది, ఎలాగో తెలియలేదు. నువ్వు కాబట్టి చెప్పావు, ఇంకొకరైతే ఊరుకునేవాళ్లు అన్నాను. ఆమె విననట్టే కిటికీలోంచి చూసింది. లింగంపేట ఇంకా రెండు స్టేజీలుందనగా నా వైపు తిరిగింది.

"నీ మిషన్‌కు ఎన్నొద్దులు వట్టింది బిడ్డా?"

"పదహారు రోజులవ్వా. ముక్క మంచిగ లేకుండె, మూడుసార్లు చేయాల్సొచ్చింది. నా తాన కూడా ఆలస్యమైంది."

"మిషన్‌ను అంటలేను. నిన్ను అంటలేను." కొంగుతో మొహం తుడుచుకుంది. "పిల్లను దవఖానల ఏసిండ్రని ఇన్న పొద్దే నాకెర్కయింది. వేరు సూడలేదని నాకెర్కలేదా? కాదని చెప్తదేమోనని నీ మిషన్ తానికొచ్చిన. పదారొద్దులు ఆ పిల్లను బిడ్డకు దూరం జేసి ఏడిపిచ్చింది గిన్నె గాదు, కొక్కు గాదు. నేను."